తమ్ముడు బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే పబ్జీ) టీమ్‌లో చేరతానంటున్నాడు, పంపాలా వద్దా?

ఆమదాలవలస అక్క:
తమ్ముడికి మొన్ననే పద్దెనిమిది నిండాయి. ఇంటర్ అయింది, ఈఏపీసెట్‌లో ర్యాంకు కూడా పర్లేదు. ఇప్పుడు కౌన్సెలింగ్ వద్దంటున్నాడు, ముంబైలో ఏదో టీమ్ బూట్‌క్యాంప్‌కి (అందరూ ఒకచోట ఉండి ప్రాక్టీస్ చేసే చోటు) పిలిచింది, నెల నెలా జీతమిస్తారు, వెళ్తానంటాడు. అర్ధరాత్రి దాటాక కూడా మేడ మీద గదిలోంచి "రాయి వెనక ఒకడున్నాడు, స్మోక్ వెయ్" అని హిందీ తెలుగు కలిపి అరుపులు. ఫోన్‌లో ఆడితే జీతమెవడిస్తాడ్రా అని నాన్న మొదట నవ్వారు, ఇప్పుడు వాడితో మాటలే మానేశారు. చెడ్డ గుంటడు కాదు, డబ్బులు పెట్టే రమ్మీ లాంటి వాటి జోలికి ఎప్పుడూ పోలేదు. టీమ్‌లో వాడే ఐజీఎల్ అట, అంటే ఎటు వెళ్లాలో మిగతా ముగ్గురికీ చెప్పేవాడు. ఇందులో నిజంగా బతుకుందా? ఆడినవాళ్లు చెప్పండి, తిట్టకండి.

మూడులాంతర్లు:
అక్కా, మాది విజయనగరం. టైర్ 2లో, అంటే రెండో స్థాయి టీమ్‌లలో కొన్నాళ్లు ఆడాను, ఇప్పుడు టోర్నమెంట్లకు అబ్జర్వర్‌గా (లైవ్‌లో ఆటను చూపించేవాడిగా) చేస్తున్నా. బూట్‌క్యాంప్ అంటే సరదా కాదు. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా స్క్రిమ్స్ (ప్రాక్టీస్ మ్యాచ్‌లు), ఒక్కో మ్యాచ్‌లో 16 టీమ్‌లు, అవే మ్యాపులు, తర్వాత రికార్డింగ్ పెట్టుకుని ఎక్కడ చచ్చామో చూసుకోవడం. చికెన్ డిన్నర్‌కి, అంటే మ్యాచ్ గెలిస్తే 10 పాయింట్లు, ఒక్కో కిల్‌కి 1, ఎనిమిదో స్థానం దాటితే ప్లేస్‌మెంట్ పాయింట్లు సున్నా. జోన్ (చివరికి అందరూ చేరాల్సిన సేఫ్ వలయం) ఎటు పడుతుందో ఐజీఎల్ అంచనా తప్పితే టీమంతా పోతుంది, కామెంట్లలో బూతులు మాత్రం వాడొక్కడికే. చేతులు కూడా అరుగుతాయి, కొరియా ఈస్పోర్ట్స్ స్టార్ ఫేకర్ అంతటివాడే 2023లో చేతి నొప్పితో కొన్ని వారాలు పక్కన కూర్చున్నాడు.

డబ్బు సంగతికొస్తే, 2024లో హైదరాబాద్‌లో ఫైనల్స్ జరిగిన బీజీఐఎస్ అనే పెద్ద బీజీఎంఐ టోర్నమెంట్‌కి 2 కోట్లు అన్నారు కదా, అది అన్ని టీమ్‌లకూ కలిపి. వచ్చినదాంట్లో టీమ్ ఓనర్ వాటా, కోచ్ వాటా, పన్ను పోను మిగిలిందే కుర్రాళ్లు పంచుకోవాలి. పేరున్నవాళ్లలో చాలామందికి అసలు ఆదాయం యూట్యూబ్ లైవ్, బ్రాండ్ల నుంచే.

పలాస జీడిపప్పు:
ప్రైజ్ మనీ సంగతి తర్వాత, అసలు ఆట ఉంటుందా? 2020 సెప్టెంబర్ 2న పబ్జీ బ్యాన్. 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జూలైలో మళ్లీ ప్లేస్టోర్ నుంచి మాయం, తిరిగొచ్చేసరికి 2023 మే. అంతకాలం ఆ కుర్రాళ్లు ఏటి తిన్నారు? కబడ్డీని ప్లేస్టోర్ నుంచి ఎవడూ తీసెయ్యలేడు. సీటు తీసుకోమనండి.

ఏడు రోడ్ల జంక్షన్:
అందరూ భయపెట్టేవాళ్లే! మల్లీశ్వరిది ఊసవానిపేట, మీ ఆమదాలవలస పక్కనే. ఆడపిల్ల బరువులెత్తడమేంటి అన్నవాళ్లే 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చాక దండలు వేశారు. ఈస్పోర్ట్స్‌ని 2022 డిసెంబర్‌లో కేంద్రమే గుర్తించింది, 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా డబ్బులాటల్ని నిషేధించి దీన్ని వేరుగా పెట్టింది. హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో పతకాలిచ్చారు, ఫేకర్‌కి ఆ బంగారంతోనే మిలిటరీ డ్యూటీ నుంచి మినహాయింపు వచ్చింది. ఇరవై ఐదొచ్చాక వెళ్తానంటే అప్పుడెవడు పిలుస్తాడు?

పలాస జీడిపప్పు:
మల్లీశ్వరి ఎత్తిన ఇనుముకి సర్వర్ లేదు, ఓనర్ లేడు. దాన్నీ దీన్నీ ఒకే గాట కట్టకు బావూ.

ఆమదాలవలస అక్క:
అగ్రిమెంట్ వాట్సాప్‌లో పంపారు. మూడేళ్లు. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలని ఉంది, ఎంతో రాయలేదు. పెద్ద టోర్నమెంట్‌కి క్వాలిఫై కాకపోతే జీతం "సవరిస్తారట". తమ్ముడు ఆ లైన్ చదవనేలేదు, జెర్సీ మీద పేరెలా రాయించుకోవాలో ఆలోచిస్తున్నాడు.

మూడులాంతర్లు:
సంతకం పెట్టనివ్వకండి అక్కా. సవరించడం అంటే ఆపెయ్యడమే, నా పక్కనోడికి అదే చేశారు. ముందు ఆరు నెలల ట్రయల్ అడగండి, కట్టాల్సిన మొత్తం అంకెల్లో రాయమనండి, యూట్యూబ్ ఛానల్ వాడి పేరు మీదే ఉండాలనండి. మంచి టీమైతే బేరమాడుతుంది, ఒప్పుకోకపోతే ఇంటి నుంచే ఆన్‌లైన్ క్వాలిఫయర్లు ఆడొచ్చు, ఫైబర్ నెట్, రౌటర్‌కి చిన్న ఇన్వర్టర్ ఉంటే చాలు, మన దగ్గర కరెంట్ సంగతి తెలిసిందే కదా. వెబ్ ఆప్షన్లు మాత్రం ఈ రాత్రికే పెట్టించండి. ఆ అగ్రిమెంట్ పేజీ పేర్లు చెరిపి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.