పల్లవి, చరణం ఒకే మాదిరి వినపడతాండాయి, ఏం మార్చాల?

అనంతపురం నుంచి, ప్రశ్న:
అందరికీ నమస్తే. చెనిక్కాయలు (వేరుశనగ) పీకే పని మీద ఒక పాట కడతాండా. మోహన రాగం, శ్రుతి డి (అంటే సా డి మీద), ఆది తాళం. పల్లవి ‘చినుకు పడితె చేను నిండా చెనిక్కాయ’. సా దగ్గర ఎత్తుకుని, పా దాకా పోయి, మళ్లీ సా మీదికొస్తాది. చరణం ‘పెన్నలో నీళ్లే లేవంటే’ అని మొదలైతాది. అక్కడికొచ్చేసరికి పాట ముందుకు పోదు. మధ్యలో ఫ్లూట్ బిట్ పెట్టినా, డోలక్ తీసి తబలా వేసినా చప్పగానే ఉండాది. ఇంగ్లీషు పాటల్లో మాదిరి బ్రిడ్జ్ పెట్టాల్నా, చరణాన్నే మళ్లీ కట్టాల్నా?

కర్నూలు ఆర్కెస్ట్రా కీబోర్డ్:
తమ్ముడూ, చరణమే మళ్లీ కట్టు. వాయిద్యాలు మారిస్తే రంగు మారుతుంది గానీ, గొంతు తిరిగే చోటు మారదు. నీ చరణం కూడా సా నుంచే లేచి సా మీదే కూర్చుంటాంది కదా?

ఒకసారి పా పైనున్న దా దగ్గర ఎత్తుకో. అక్కణ్ణుంచి పై సా, పై రి దాకా పో, మళ్లీ దా మీదే నిలువు. స్వరాలు అవే అయిదు. కానీ దా ఆధారమైతే అవే శుద్ధ ధన్యాసి రాగం మాదిరి వినపడతాయి, గ్రహభేదం అంటే ఇదే. ఎడమచేత్తో డి మేజర్ కార్డ్ వదిలి బి మైనర్ కార్డ్ పట్టు. అందులోని మూడు స్వరాలూ మోహనంలోవే, రాగం చెడదు. నీళ్లు లేవన్న మాటకు ఆ దిగులు చక్కగా అతుకుతుంది.

ఇంక మాటలు. నీ పల్లవి మొదట్లో అన్నీ లఘువులే, చినుకుల మాదిరి గబగబా పడతాయి. చరణంలో ‘పెన్నలో నీళ్లే’ అంటే ఒక్క ‘న్న’ తప్ప అన్నీ గురువులు. వాటిని పల్లవి నడకలోనే తోసేస్తే ఊపిరాడదు. ‘నీళ్లే’ దగ్గర ఒక పూర్తి దెబ్బ సాగదీయి. పల్లవి సమంలో, అంటే తాళం మొదటి దెబ్బ మీదే ఎత్తుకుంటాంది కాబట్టి చరణాన్ని అర దెబ్బ ఆగి అనాగతంలో ఎత్తుకో. తాళం మారకుండానే నడక మారినట్లుంటుంది.

అన్నిటికంటే ముఖ్యం చరణం ఆఖరి పాదం. దాన్ని సా మీద దించొద్దు, అక్కడే పాట అయిపోయినట్లుంటుంది. పా మీదో రి మీదో వదిలెయ్. అక్కడ ‘ఏ’ మేజర్ కార్డ్ పూర్తిగా పట్టొద్దు, అందులోని నిషాదం (ని) మోహనంలో లేదు. ‘ఏ’ (పా), ‘ఇ’ (రి) రెండే నొక్కు. వినేవాళ్లు పల్లవి కోసం కాచుకుంటారు. స్టేజీ మీద చప్పట్లు పడేది కూడా పల్లవి తిరిగొచ్చే ఆ క్షణంలోనే.

బ్రిడ్జ్ సంగతి వేరు. అమెరికా పాత పాటల్లో ముప్పైరెండు బార్లు ఉంటాయి, ఎనిమిదేసి చొప్పున నాలుగు ముక్కలు. మూడోదొక్కటే వేరే ట్యూను, అదే బ్రిడ్జ్, అందుకే దాన్ని మిడిల్ ఎయిట్ అన్నారు. మన సినిమా పాటలో ఆ పని చాలావరకు చరణమే చేస్తుంది.

కడప చెక్కభజన గురువు:
అన్న చెప్పింది ఒకరు పాడే పాటకు సరిపోతాది. నాయనా, నీది చేన్లో పదిమంది పాడుకునే పాటైతే పై రి దాకా పోవద్దు, ఆడోళ్లకూ మగోళ్లకూ ఒకే శ్రుతిలో అందదు. మా భజనలో పల్లవి గుంపుది, చరణం గురువుది. గుంపు గొంతు ఆగి ఒక్క గొంతు లేస్తే అదే పెద్ద మార్పు, అప్పుడు చెక్కలు కూడా మెల్లగా పడతాయి. పల్లవి అందుకునేటప్పుడు అడుగు మార్చి వేగం పెంచుతాం. మా రాజంపేట పక్కన తాళ్లపాక అన్నమయ్య సంకీర్తనలు చూడు, ఎక్కువ వాటిలో పల్లవి, మూడు చరణాలు. ప్రతి చరణం తర్వాత జనం అందుకునేది పల్లవినే.

అనంతపురం నుంచి:
ఇద్దరికీ శానా థ్యాంక్స్ అన్నా. దా మీద ఎత్తుకుని పాడి చూసినా, మా అమ్మ పక్కగదిలో నుంచి ‘ఇది వేరే పాటనా?’ అనింది. పై రి నాకే అందలేదు, పై సా దగ్గరే ఆపుతా. చరణం ఒక్క గొంతుతో, పల్లవి ముగ్గురితో రికార్డు చేస్తా. ఇంకొక్క అనుమానం: రెండో చరణం కూడా ఇదే ట్యూనులో పోవాల్నా, అక్కడ వానొచ్చే మాట ఉండాది కాబట్టి డి మేజర్‌లోనే ఎత్తుకోవచ్చా?

కర్నూలు ఆర్కెస్ట్రా కీబోర్డ్:
ట్యూను అదే ఉంచు తమ్ముడూ, జనానికి అలవాటైంటాది. ‘వాన’ అనే మాట దగ్గర మాత్రం కింద బి మైనర్ తీసి డి మేజర్ వెయ్. గొంతులో ఒక్క స్వరం మార్చొద్దు.