స్కాన్ చేయించాక నెగటివ్‌లు పారేయొచ్చా?

కృష్ణాతీరం: తాతగారి ట్రంకుపెట్టెలో 120 సైజు రోల్ ఫిల్మ్ నెగటివ్‌లు దొరికితే షాపులో స్కాన్ చేయించాం. వెనిగర్ వాసన కొడుతున్నాయి. ఫైళ్లున్నాయిగా, ఈ కంపు ఇంట్లో ఎందుకంటాడు తమ్ముడు. నాకు మనసొప్పడం లేదు. ఏమంటారు?

దక్కన్‌వాసి: మీ తమ్ముడన్నదే సబబండీ. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ చివికిపోతూ వదిలే ఎసిటిక్ ఆమ్లం వాసన అది. మొదలైతే ఆగదు, పక్కనున్న మంచి ఫిల్మ్‌నీ పాడుచేస్తుంది. ఫైళ్లు రెండు మూడు చోట్ల దాచుకోండి, చాలు.

పాతస్టూడియో: ఆగదన్న మాట నిజమే గానీ, చల్లగా, పొడిగా ఉంచితే బాగా నెమ్మదిస్తుంది. పారేయమంటే మాత్రం ఒప్పుకోను. కృష్ణాతీరం గారూ, ఒక నెగటివ్‌ని కిటికీ వెలుగుకు పట్టి భూతద్దంతో చూడండి. తాతగారి తెల్ల పంచె అందులో చిక్కటి నలుపుగా ఉంటుంది. ఆ నలుపులోనే కుచ్చెళ్ల మడతలు, అంచు గీత కనిపించొచ్చు. షాపువాళ్లు హడావిడిగా తీసిన జేపెగ్‌లో అక్కడ ఉత్త తెలుపే మిగులుతుంది. ఆ ఫైలునే ఏఐ యాప్‌లో వేస్తే లేని మడతలు పుట్టిస్తుంది, ముక్కూ కళ్లూ కూడా మార్చేస్తుంది. అది తాతగారి ముఖమేనా అని తేల్చుకోవడానికి నెగటివ్ తప్ప ఇంకేం ఉంటుంది? నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో 2,800కు పైగా ఉన్నాయి. ప్రింట్లున్నాయి కదా అని వాటిని పగలగొట్టి ఉంటే?

దక్కన్‌వాసి: సంస్థలకు ఏసీ గదులుంటాయి. రెండు గదుల ఇంట్లో ఎవరు చూస్తారండీ?

పాతస్టూడియో: పెద్ద ఖర్చేం లేదండీ. వాసన వచ్చేవి వేరు చేయండి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు తీసేసి, ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టండి. గాలి చొరబడని డబ్బాలో బిగిస్తే ఆవిరి లోపలే ఉండిపోయి ఇంకా త్వరగా చివుకుతాయి. బూజు పడితే నీళ్లతో మాత్రం కడగొద్దు, బూజు తిన్న గెలటిన్ (బొమ్మను పట్టి ఉంచే పూత) నీళ్లలో కరిగి బొమ్మే పోతుంది. ముందు వాసన వచ్చేవాటినే 16 బిట్ టిఫ్‌లో మళ్లీ స్కాన్ చేయించండి, ఆ రకం ఫైలులో వెలుగునీడల వివరాలు జేపెగ్‌లో కన్నా ఎక్కువ నిలుస్తాయి. ముడుచుకుపోయినవీ పారేయకండి, నిపుణులు బొమ్మ ఉన్న పొరను వేరుచేసి కాపాడగలరు.

కృష్ణాతీరం: పంచె అంచు కనిపించిందండీ! స్కాన్‌లో ఆ జాడే లేదు. తమ్ముడికీ చూపించాను. పెట్టె అటక మీద నుంచి లోపలి గదిలోకి మార్చాం. టిఫ్ స్కాన్ విజయవాడలో ఎక్కడ బాగా చేస్తారు?