రివర్స్ తీసేటప్పుడు క్లీనర్ బండి వెనక నిలబడాలా?

(2023 ఆగస్టు నాటి మాటలు; ఇందులోని చట్టం సంగతులు అప్పటివి)

మాధవరం మామయ్య:
పోయిన వారం ఇక్కడ మద్రాసులో ఒక గోడౌన్లో మా ఊరి కుర్రాడు, క్లీనరు, ట్రైలరుకీ సరుకు దించే డాకు గట్టుకీ మధ్య ఇరుక్కుని కుడి మడమ నుజ్జు చేసుకున్నాడు. వెనక నిలబడి "రానీ, రానీ" అంటున్నాడట. గోడౌన్ వాళ్లు డ్రైవరుదే తప్పంటున్నారు. ఓనరేమో "వాణ్ణి అక్కడ ఎవడు నిలబడమన్నాడు?" అంటాడు. నా మటుకు ఆ పద్ధతే తప్పు.

నెల్లూరు స్టీరింగ్:
ఇరవై ఏళ్లుగా తోల్తా ఉండా అన్నా. మనిషి లేకుండా నలభై అడుగుల డబ్బా ఎట్ట తీయమంటావు? ట్రైలరు మెలి తిరిగిందంటే ఒక అద్దంలో డబ్బా గోడే కనపడద్ది. కెమెరా పెట్టిస్తే రెండు వానలకే బురద. రివర్స్ హారనా? యార్డులో పది బళ్లు ఒకేసారి కూస్తా ఉంటే ఎవడింటాడు?

మాధవరం మామయ్య:
మనిషి వద్దనలేదు తమ్ముడూ, వెనక వద్దన్నా. డ్రైవరు వైపు, అద్దంలో కనపడేంత పక్కకి నిలబడాలి. మనిషి అద్దంలోంచి మాయమైతే బ్రేకు. ఆ రోజు పిల్లాడు "ఆపు" అన్నాడు, లోడ్‌మాన్ "నిల్లు నిల్లు" అని తమిళంలో అరిచాడు. డ్రైవరు బీహారాయన, ఇంజను మోతలో ఆయనకి రెండూ ఒకటే. చెయ్యెత్తితే ఆగాలని ముందే అనుకుని ఉంటే కాలు దక్కేది.

ఎగ్మోర్ ప్లీడరు:
తప్పెవరిదన్న గొడవలో అసలు సంగతి వదిలేయకండి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద పనిలో దెబ్బ తగిలిందని చూపిస్తే చాలు, డ్రైవరు నిర్లక్ష్యం నిరూపించక్కర్లేదు. అయితే జీతం ఎంతైనా నెలకు 15,000 దాటి లెక్కకట్టరు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో ఆ కట్టడి లేదు గానీ, మామూలుగా నిర్లక్ష్యం చూపించాలి. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. ఇక ఓనరు మాటంటారా, "నిలబడొద్దన్నా" అని ఇప్పుడంటే చెల్లదు. ముందే స్పష్టంగా చెప్పినట్టూ, వీడు కావాలని ధిక్కరించినట్టూ ఆయనే చూపాలి.

నెల్లూరు స్టీరింగ్:
విన్నావా మామా? నీ రూలు బోర్డు మీద రాస్తే రేపు ఆ బోర్డే ఓనరుకు సాక్ష్యం.

మాధవరం మామయ్య:
అది నాకు తట్టలేదు, నిజమే. అయితే బోర్డు క్లీనరుకి రాయొద్దు. మనిషి కనపడకపోతే బండి కదలకూడదని డ్రైవరుకీ గోడౌనుకీ రాయాలి.

నెల్లూరు స్టీరింగ్:
రాయమను. గంట లేటయితే బండి ఆగినందుకు హాల్టింగ్ డబ్బులు ఎవరిస్తారో కూడా ఆ బోర్డు మీదే రాయమను.