క్లాస్ అంటే ఇంటి ప్లాను, ఆబ్జెక్ట్ అంటే ఇల్లు: ఈ పోలికతో పాఠం మొదలుపెట్టడం మానేద్దామా?

గాజువాక_శారద
విశాఖపట్నం గాజువాకలో సాయంత్రం పూట డిగ్రీ, డిప్లొమా విద్యార్థులకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతాను. వచ్చేవారిలో చాలామంది క్లాసులు (ఒకే రకం ఆబ్జెక్టులన్నింటికీ రాసే నిర్వచనాలు), మెథడ్‌లు (క్లాస్ లోపల రాసే ఫంక్షన్లు) కాలేజీలో ఒకసారి చదివినవారే. క్లాస్ అంటే ఏమిటని అడిగితే అందరూ ఒకే జవాబు అప్పజెబుతారు: క్లాస్ ఇంటి ప్లాను, ఆబ్జెక్ట్ ఆ ప్లాను ప్రకారం కట్టిన ఇల్లు. మరి మెథడ్? ఇల్లు చేసే పని అంటారు. ఇల్లు ఏ పని చేస్తుందని అడిగితే నోరు మెదపరు.

బ్యాంకు ఖాతాకు క్లాస్ రాసి, జమ చేసే మెథడ్ పెట్టమంటాను. మెథడ్ పేరు పక్కన బ్రాకెట్లలో 'మొత్తం' అని ఒక్కటే రాస్తారు. ఖాతా.జమ(500) అని పిలవగానే, ఒక విలువ తీసుకునే చోట రెండు ఇచ్చారంటూ పైథాన్ ఎర్రర్ చూపిస్తుంది. ఇచ్చింది ఒక్క ఐదు వందలే కదా, రెండోది ఎక్కడి నుంచి వచ్చిందని తెల్లబోతారు. చుక్కకు ఎడమవైపు ఉన్న ఖాతాయే మొదటి విలువగా లోపలికి వెళ్తుందన్న సంగతి ఇంటి ప్లానులో ఎక్కడ ఉంది?

అందుకే నేను క్లాస్ పేరెత్తకుండా మొదలుపెడతాను. ఖాతా వివరాలు ఒక డిక్షనరీలో, అంటే పేరు పక్కన విలువ పెట్టుకునే పట్టికలో, ఉంటాయి. ఫంక్షన్ విడిగా ఉంటుంది: జమ(ఖాతా, 500). లాకర్లు, రుణాలు కూడా వచ్చి చేరాక ఎవరో ఒకరు ఖాతా ఇవ్వవలసిన చోట రుణం ఇస్తారు. లెక్క తప్పుతుంది. ఆ తప్పు వెతికి వెతికి విసిగిన రోజున క్లాస్ చూపిస్తాను. ఇంతవరకు మీరు చేత్తో అందించిన ఖాతాయే మెథడ్ బ్రాకెట్లలో మొదట రాసే సెల్ఫ్ అంటే చటుక్కున పట్టుకుంటారు.

ద్వారకానగర్_మాస్టారు
శారద గారూ, మెథడ్‌కు సరిపోని పోలిక క్లాస్‌కూ పనికిరాదనడం ఏ తర్కం? నేను ఇంజనీరింగ్ కాలేజీలో చెబుతున్నాను. మా సిలబస్‌లో ఉన్నది జావా భాష. తెరమీద ఒక్క పదం కనిపించాలన్నా ముందు క్లాస్ రాయాలి, అందులో పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ రాయాలి. క్లాస్ పేరెత్తకుండా ఎన్నాళ్లు నెట్టుకురాగలను? మొదటి గంటలోనే 'ఇదేమిటి సార్' అంటాడు పిల్లవాడు. అప్పటికప్పుడు వాడి బుర్రకు అందేది ఒకటి చెప్పాలి. ఒకే నమూనాలో కట్టిన ఇళ్ల వరుస చూడని పిల్లవాడు ఈ ఊళ్లో లేడు.

కొండమీద_కోడర్
మాస్టారూ, 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో ఆ ఇబ్బంది తీరింది. క్లాస్, స్టాటిక్ ఏదీ రాయకుండా వట్టి మెయిన్ మెథడ్‌తో చిన్న ప్రోగ్రాం నడుస్తుంది.

ద్వారకానగర్_మాస్టారు
మా ల్యాబ్‌లో ఉన్నది 2014 నాటి జావా 8. దాన్ని మార్చడం నా చేతిలో లేదు.

పెందుర్తి_పాఠకుడు
ముందు సీ భాష నేర్పండి. అందులో కొన్ని విలువలను ఒక్కచోట కట్టిపెట్టే స్ట్రక్చర్ తెలిసినవాడికి క్లాస్ ఒక్క పూటలో వస్తుంది.

గాజువాక_శారద
మాస్టారూ, క్లాస్‌కైనా ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో చూడండి. మొన్న ఒక అమ్మాయి క్లాస్ లోపల నేరుగా లావాదేవీల జాబితా రాసింది. ఒకరి ఖాతాలో జమ చేస్తే ఆ లావాదేవీ అందరి ఖాతాల్లోనూ కనిపించింది. ప్లానులో గీసిన గదిలో బియ్యం పోస్తే ఊళ్లోని ఇళ్లన్నింటిలోనూ బియ్యం కనిపిస్తాయా? పైథాన్‌లో క్లాస్ కాగితం మీది గీత కాదు. ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు అదీ ఒక ఆబ్జెక్టే, దాని దగ్గరా విలువలు ఉంటాయి. ప్లానును నమ్ముకున్న ఆ అమ్మాయి తప్పు ఎక్కడుందో చూడవలసిన చోట చూడలేదు.

ద్వారకానగర్_మాస్టారు
ప్లాను మీద జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) మంజూరు సంఖ్య ఉండదా? ఆ ప్లానుతో కట్టిన ఇళ్లన్నింటికీ అది ఒకటే. క్లాస్ మొత్తానికి ఒక్కటే ఉండే స్టాటిక్ విలువ గురించి నేను అలాగే చెబుతాను. పోలికను ఎక్కడిదాకా లాగాలో తెలియాలి.

గాజువాక_శారద
మంజూరు సంఖ్య మారదు. ఆ జాబితా మారుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ద్వారకానగర్_మాస్టారు
మారని ఉదాహరణ ఇస్తే తప్పు, మారేది ఇస్తే తికమక అంటారు. ఏ పోలికైనా ఏదో ఒక చోట ఆగుతుంది కదండీ.

అక్కయ్యపాలెం_వాణి
నాకు అర్థమైంది ఆ ఇంటి ప్లాను వల్లే. దాన్ని తీసేయకండి.

కొండమీద_కోడర్
ప్లాను గొడవలో మెథడ్ సంగతి పక్కకు పోయింది. అసలు క్లాసులు ఎందుకు పుట్టాయో చూస్తే దారి దొరుకుతుంది. 1960లలో ఓస్లోలోని నార్వే కంప్యూటింగ్ సెంటర్‌లో డాల్, నైగార్డ్ సిమ్యులా భాషను తయారు చేశారు. ఎన్నో వస్తువులు దేని స్థితి దానిదిగా కదులుతూ, వరుసల్లో నిలబడుతూ ఉండే వ్యవస్థలను కంప్యూటర్‌లో నడిపి చూడటం వారి పని. అందుకోసం సిమ్యులా 67లో క్లాస్ వచ్చింది. 2001 ట్యూరింగ్ అవార్డు వారిద్దరికీ దక్కింది.

అలాంటి వ్యవస్థ మన కళ్లెదుటే ఉంది. విశాఖ రేవుకు వచ్చే ఒక్కో ఓడకూ దాని పేరు, దాని సరుకు, అది మునిగే లోతు ఉంటాయి. ఎక్కువ లోతు కావలసిన ఓడ ఔటర్ హార్బర్‌లోనే నిలవాలి, ఇన్నర్ హార్బర్‌లోకి రాలేదు. 'ఏ హార్బర్' అనే మెథడ్ రాయమనండి. ఏ ఓడను అడిగితే ఆ ఓడ లోతు చూసే జవాబు చెప్పాలి. ఆ 'ఏ ఓడ' అన్నదే సెల్ఫ్. మెథడ్ క్లాస్‌లో ఒక్కసారే ఉంటుంది, లోతు మాత్రం ఓడ ఓడకూ వేరు. ఇది దేనితోనూ పోల్చడం కాదు, నేరుగా ప్రోగ్రామే.

గాజువాక_శారద
ఇది బాగుంది. కానీ ఓడను కూడా మొదట ఫంక్షన్‌కు చేత్తో ఇప్పించి, తర్వాతే క్లాస్ చూపిస్తాను. వరుస మారకూడదు.

ద్వారకానగర్_మాస్టారు
వరుస, వరుస! ఫీజు కట్టి, ఇష్టపడి వచ్చిన కొద్దిమందికి తీరిగ్గా చెప్పేవారికి వరుస గుర్తుంటుంది. నాకు ఒక్కో సెక్షన్‌లో అరవై, డెబ్బై మంది. మూడు వారాల్లో యూనిట్ ముగించాలి. వాళ్లు విసిగేదాకా ఆగి అప్పుడు క్లాస్ చూపిస్తే పరీక్షనాటికి మిగిలేది విసుగే.

గాజువాక_శారద
తీరిక మాట మీరు ఎత్తకుండా ఉండవలసింది. నేను శ్రీకాకుళం జిల్లాలో పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. చివరి సంవత్సరంలో ఆసుపత్రి చీట్ల కోసం ప్రోగ్రాం రాశాను, క్లాసులతోనే. ప్రాంగణ నియామకాలకు వచ్చిన ఒక కంపెనీ వాళ్లు ఎన్‌క్యాప్సులేషన్, ఆబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం నిర్వచనాలు అడిగారు. నా ప్రోగ్రాంలో అవి ఎక్కడున్నాయో చూపిస్తానన్నాను. చూపించనక్కర్లేదు, వాక్యం చెప్పు అన్నారు. ఇంగ్లీషు వాక్యం నోట రాలేదు. నాతోపాటు కూర్చున్న అబ్బాయి నాలుగూ గడగడా చెప్పాడు, చిన్న లూప్ కూడా రాయలేనివాడు. ఉద్యోగం అతనికి వచ్చింది. అందుకే నా పిల్లల చేత పేర్లన్నీ తెలుగులోనే రాయిస్తాను. పైథాన్ 3 తెలుగు అక్షరాలను ఒప్పుకుంటుంది.

ద్వారకానగర్_మాస్టారు
చూశారా, మీరే చెప్పారు. ఆ వాక్యం వచ్చినవాడికి ఉద్యోగం వచ్చింది. నేను ఆ వాక్యం నేర్పించేది అందుకే. పొలం తాకట్టు పెట్టి కొడుకును ఇంజనీరింగ్‌లో చేర్చిన తండ్రి నా దగ్గరికి వచ్చి సెల్ఫ్ అర్థమైందా అని అడగడు, వాడు ఎందుకు తప్పాడని అడుగుతాడు. ప్రశ్నపత్రంలో 'క్లాస్‌ను నిర్వచించి ఉదాహరణ ఇవ్వండి' అని ఏటా వస్తుంది. ఇంటి ప్లాను రాస్తే మార్కులు పడతాయి. అర్థం కావడం నాకూ ఇష్టమే. కానీ ముందు వాడు గడప దాటాలి.

గాజువాక_శారద
అదే మనకు కుదరనిది మాస్టారూ. ఇంతసేపూ పోలిక మీద కొట్టుకున్నాం గానీ, మీరు గడప దాటించడానికి చెబుతున్నారు, నేను గడప దాటాక నిలబడటానికి చెబుతున్నాను. వాక్యంతో ఉద్యోగం తెచ్చుకుని, కంపెనీ శిక్షణ పరీక్షలో తప్పి, ఇంటికి పంపిస్తే నా దగ్గరికి వచ్చినవారు ఉన్నారు. వాళ్ల తండ్రులూ పొలం తాకట్టు పెట్టినవారే.

రేవు_కుర్రాడు
మేడమ్, సార్, నేను రెండో సంవత్సరం. వాక్యం బట్టీపట్టాను, ప్రోగ్రాం రావడం లేదు. పరీక్షలో ఏ ప్రశ్న అడిగితే మాలాంటివాళ్లు అర్థం చేసుకుని చదువుతారు?

గాజువాక_శారద
ఇలాంటిది. ఖాతా అనే పైథాన్ క్లాస్ లోపల, మెథడ్‌లకు బయట, నిల్వ సున్నా అని, లావాదేవీలు ఖాళీ జాబితా అని రాశాం. జమ అనే మెథడ్ సెల్ఫ్ నిల్వకు 'ప్లస్ ఈక్వల్స్' గుర్తుతో మొత్తం కలుపుతుంది, సెల్ఫ్ లావాదేవీలకు ఆ మొత్తాన్ని అపెండ్ చేస్తుంది, అంటే జాబితా చివర చేరుస్తుంది. ఒకటి, రెండు అని రెండు ఖాతాలు తయారు చేసి, ఒకటి.జమ(500), రెండు.జమ(200) అన్నాం. ఏ ఖాతాలో ఏముంది?

ద్వారకానగర్_మాస్టారు
దీనికి ఇంటర్ వరకు కంప్యూటర్ ముట్టనివాడు ఏం రాస్తాడు? మూల్యాంకన కేంద్రంలో కట్టలు కట్టలు దిద్దేవారు సగం సరైన జవాబుకు ఎన్ని మార్కులు వేస్తారు? ఇలాంటి ప్రశ్నను సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పెడితే మొదటి సంవత్సరానికి తగదంటారు. నేనూ అదే అంటాను.

రేవు_కుర్రాడు
నడపకుండా కాగితం మీద చేశాను. నిల్వలు వేర్వేరు: ఒకటిలో 500, రెండులో 200. లావాదేవీలు మాత్రం రెండింటిలోనూ 500, 200 అని కనిపిస్తాయి.

గాజువాక_శారద
సరిగ్గా చెప్పారు. రెండూ క్లాస్ లోపలే రాశాం కదా, నిల్వ ఎందుకు విడిపోయింది, జాబితా ఎందుకు విడిపోలేదు? మార్కులు ఆ జవాబుకే.

రేవు_కుర్రాడు
నిల్వకు కలిపినప్పుడు కొత్త సంఖ్య తయారై, సెల్ఫ్‌కు సొంతంగా అంటుకుంది. అపెండ్ కొత్త జాబితా చేయలేదు, క్లాస్ దగ్గర ఉన్న ఆ ఒక్క జాబితాలోనే వేసింది. వేర్వేరుగా కావాలంటే ఖాతా తయారయ్యేటప్పుడే ఇనిట్ మెథడ్‌లో సెల్ఫ్‌కు కొత్త జాబితా ఇవ్వాలి.

ద్వారకానగర్_మాస్టారు
జవాబు సరైనదే బాబూ. కానీ నీ ప్రశ్నపత్రంలో ఇది రాదు. నిర్వచనం కూడా చదువుకో.