‘సెన్సిటివిటీ’ని ‘మందుకు లొంగడం’ అనొచ్చా?

విజయవాడలో డిగ్రీ పిల్లల కోసం మైక్రోబయాలజీ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. ‘యాంటీబయాటిక్ సెన్సిటివిటీ’కి చాలాచోట్ల ‘సున్నితత్వం’ అని కనిపిస్తోంది. నాకది మింగుడుపడటం లేదు. మన ఇళ్లలో ‘జ్వరం మందుకు లొంగట్లేదు’ అంటాం. అక్కడ కర్త జ్వరం, మనిషి కాదు. ఎంత సరైన వాడుక! ‘ఆ మందు నా ఒంటికి అలవాటైపోయింది’ అనేవాళ్లు మొండితనం తమ ఒంట్లో ఉందనుకుంటారు. అది ఉన్నది క్రిమిలో. ‘ఆ మందు నాకు పడదు’ అనేది మళ్లీ వేరే సంగతి, అది ఎలర్జీల గురించి. క్రిమి కణత్వచాన్ని, అంటే కణం చుట్టూ ఉండే పొరను, దెబ్బతీసి పాత మందును పనిచేయించే పద్ధతిని ‘క్రిమిని మళ్లీ లొంగదీయడం’ అందామా?

— మాస్టారూ, గుంటూరు నుంచి. ల్యాబ్‌లో పనిచేస్తాను. కల్చర్ రిపోర్టులో ఎస్ (సెన్సిటివ్), ఆర్ (రెసిస్టెంట్) అక్షరాలు చూసి ‘ఇదేంటమ్మా’ అని అడిగేవాళ్లకు నేనూ లొంగింది, లొంగలేదు అనే చెబుతాను. నా అభ్యంతరం ‘మళ్లీ’ దగ్గర. ఇ. కోలై, క్లెబ్సియెల్లా లాంటి గ్రామ్ నెగెటివ్ రకం బ్యాక్టీరియాలకు లోపలి త్వచం కాక బయట ఇంకోటి ఉంటుంది. దాని పైవరస లిపోపాలీశాకరైడ్, అంటే కొవ్వు, చక్కెరలు కలిసిన పదార్థం. మెగ్నీషియం, కాల్షియం అయాన్లు దాన్ని బిగించి ఉంచుతాయి. రిఫాంపిసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌ల పెద్ద అణువులు దాన్ని దాటడం కష్టం. 1983లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు మార్టి వారా, టిమో వారా ఆ బిగువును సడలించి చూపించారు. వాడింది పాలిమిక్సిన్ బి అనే యాంటీబయాటిక్ నుంచి కొవ్వు తోకను, దానితోపాటు ఒక అమైనో ఆమ్లాన్ని తీసేయగా మిగిలిన నోనాపెప్టైడ్, అంటే తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్క. అది తానుగా క్రిమిని పెద్దగా చంపదు, మందుకు దారిస్తుంది. కానీ ఆ క్రిములు అంతకుముందు ఆ మందులకు సరిగా లొంగినవే కావు. వాటికి ‘మళ్లీ’ ఎలా నప్పుతుంది?

— చాలా మంచి మాట అమ్మా. పుట్టుమొండివాటికి ‘లొంగదీయడం’ అనే రాస్తాను. ఒకప్పుడు లొంగి, తర్వాత ఎదురుతిరిగినవాటికే ‘తిరిగి లొంగదీయడం’. దీనికి ముందు రాసుకున్న ‘సున్నితత్వ పునరుద్ధరణ’ కొట్టేస్తున్నాను.

— త్వచం సడలితే చాలు, అన్నీ లొంగుతాయని మాత్రం పిల్లలు అనుకోకుండా చూడండి మాస్టారూ. రిఫాంపిసిన్ అతుక్కోవాల్సిన ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే క్రిమి ఎంజైమే మారిపోతే, మందు లోపలికెళ్లినా పని జరగదు. మన కణాలకూ త్వచం ఉంటుంది, పాలిమిక్సిన్లు మన మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. కాబట్టి ‘త్వచం మీద దాడి’ అని రాసినచోట ‘క్రిమి త్వచం’ అని విడమరచి రాయండి.