మత్తుమందుల కట్టడికి బయటి దేశం డబ్బు: కొలంబియాకు మేలు జరిగిందా?

పాతచదువరి:
2000లో అమెరికాకు క్లింటన్, కొలంబియాకు పాస్ట్రానా అధ్యక్షులుగా ఉండగా, మత్తుమందుల కట్టడికి అమెరికా సాయంతో ప్లాన్ కొలంబియా అనే కార్యక్రమం మొదలైంది. ఒకటిన్నర దశాబ్దంలో అమెరికా దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు ఇచ్చింది. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2000లో అక్కడ కొకైన్‌కు ముడిసరుకైన కోకా మొక్క సాగు 1,60,000 హెక్టార్లకు పైనే. 2013 నాటికి 48,000కు తగ్గింది. 2023లో 2,53,000కు చేరింది. ఇలాంటి సాయం కొనసాగాలా, ఆపాలా? మీరేమంటారు?

సూటిమాట:
కొనసాగాలి. 2000లో ఆ దేశంలో ఒక్క ఏడాదిలో 3,000 మందికి పైగా కిడ్నాప్ అయ్యారు. ఊరు దాటి రోడ్డెక్కాలంటే ప్రాణభయం. బ్లాక్ హాక్ హెలికాప్టర్లు, శిక్షణ, నిఘా సమాచారం అందకపోతే ఫార్క్ అనే వామపక్ష గెరిల్లా దళం 2016లో శాంతి ఒప్పందం దాకా వచ్చేది కాదు. సాగు మళ్లీ ఎందుకు పెరిగిందంటారా? కోకా మీద చల్లే కలుపుమందు గ్లైఫోసేట్ క్యాన్సర్ కారకం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగం చెప్పాక 2015లో విమానాలతో పిచికారీ ఆపేశారు. పని మధ్యలో వదిలేసి సాయం దండగ అంటే ఎలా?

సాగుబాట:
సూటిమాట గారూ, కిడ్నాపులు తగ్గాయి, ఒప్పుకుంటాను. అక్కడి జనానికి అది చిన్న ఊరట కాదు. కానీ అది తిరుగుబాటుదారుల మీద సాధించిన ఫలితం. దాన్ని కొకైన్ కట్టడి ఖాతాలో రాయలేం. ఇక పిచికారీ మాట. 48,000 హెక్టార్లు 2014లోనే 69,000 అయింది. విమానాలు ఆగింది 2015 అక్టోబరులో.

కొలంబియా దక్షిణ సరిహద్దులోని పుటుమాయో లాంటి చోట లోపలి ఊళ్ల రైతు వైపు నుంచి చూడండి. కోకా ఆకు ఏడాదికి నాలుగైదు సార్లు కోతకొస్తుంది. ఆకును సన్నగా తరిగి, సిమెంటో సున్నమో కలిపి, పెట్రోలులో నానబెట్టి పాకలోనే కొకైన్ తయారీకి వాడే ముద్ద తీస్తారు. కిలో ముద్ద భుజాన సంచిలో పట్టేస్తుంది. పైగా కొనేవాడే వెతుక్కుంటూ వస్తాడు, చేతిలో డబ్బు పెడతాడు. అదే రైతు అరటి వేస్తే గెలలను బురద దారిలో పడవ దాకా మోసి, అక్కణ్నుంచి సంతకు చేర్చేసరికి సగం మగ్గిపోతాయి. మిగిలినవి అమ్మితే కిరాయికి కూడా చాలవు. అలాంటి పొలం మీదికి సర్కారు తరఫున వచ్చింది విమానం ఒక్కటే. అది చల్లిన మందు కోకాతో పాటు పక్కనున్న కర్రపెండలం మీదా పడింది. గాలికి సరిహద్దు దాటిపోతోందని ఈక్వడార్ 2008లో అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేసింది. చివరికి 2013లో కొలంబియా 1.5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది.

డబ్బిచ్చేవాడు ఏ అంకె అడుగుతాడో, తీసుకునేవాడు ఆ అంకె చూపిస్తాడు. నా బాధంతా అక్కడే. మొదటి విడతలో కొలంబియాకు వచ్చిన దానిలో దాదాపు నాలుగింట మూడొంతులు సైన్యానికి, పోలీసులకు పోయింది. మందు చల్లిన హెక్టార్లు లెక్కపెట్టారు, చల్లారు. పీకిన మొక్కలు లెక్కపెట్టారు, పీకారు. ఆరు నెలల తర్వాత ఆ పొలంలో ఏముందో పెద్దగా పట్టించుకోలేదు. సైన్యంలో ఇదే లెక్కల పద్ధతి శవాల దాకా వెళ్లింది. 2002 నుంచి 2008 దాకా కనీసం 6,402 మంది సామాన్యులను చంపి గెరిల్లాలుగా చూపించారని, శాంతి ఒప్పందంతో ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానం తేల్చింది. మానవ హక్కులను కాలరాసిన దళాలకు సాయం ఇవ్వరాదనే లేహీ చట్టం అమెరికాలో అప్పటికే ఉంది. చట్టం ఉండి కూడా ఇంత జరిగిందంటే ఎలా క్షమించగలం?

తేనెటీగ:
పిల్లలు మత్తుకు అలవాటు పడకుండా చూసే నివారణ మాట ఎవరూ ఎత్తలేదేం? యూనిఫాంలో పోలీసు బడికొచ్చి భయపెట్టి వెళ్లే పాఠాలతో ఫలితం ఉండదని ఐక్యరాజ్యసమితి నివారణ ప్రమాణాలే చెబుతున్నాయి. తల్లిదండ్రులకు శిక్షణ, పిల్లలకు జీవన నైపుణ్యాలు నేర్పడం, వీటికి ఆధారాలున్నాయి. ఖర్చూ తక్కువే. కాకపోతే హెలికాప్టర్ ముందు నిలబడి దిగినట్టు దీనికి ఫొటో దిగడం కుదరదు.

సూటిమాట:
సాగుబాట గారూ, మీరు చెప్పిన రైతు దగ్గరికే వద్దాం. పోలీసు లేని చోట రోడ్డు వేస్తే దాని మీద ముందు తిరిగేది సాయుధ ముఠాలే. 2016 ఒప్పందం తర్వాత సుమారు లక్ష కుటుంబాలు కోకా మానేస్తామని సంతకాలు పెట్టాయి. పంట మార్పిడికి ముందు నిలిచిన ఊరి పెద్దలను ఎంతమందిని చంపేశారో మీకూ తెలుసు. వాళ్లను ఎవరు కాపాడాలి?

సాగుబాట:
సర్కారే కాపాడాలి. కాపలా వద్దని నేననలేదు. కానీ ఆ సంతకాల సంగతి పూర్తిగా చెప్పండి. మొక్కలు పీకిన కుటుంబానికి మొదటి ఏడాది 1.2 కోట్ల పెసోల (కొలంబియా కరెన్సీ) భృతి అన్నారు, ఆ తర్వాత బతుకుతెరువు పథకం అన్నారు. చాలామందికి ఆ రెండోది ఏళ్ల తరబడి అందలేదు. ఫార్క్ ఉగ్రవాద జాబితాలో ఉందన్న కారణంతో అమెరికా ఈ కార్యక్రమానికి డబ్బివ్వలేదు. విమానాలకు దొరికిన డబ్బు మొక్కలు తనంతట తాను పీకేసిన రైతుకు దొరకలేదన్నమాట.

బొలీవియాను చూడండి. అమెరికా మత్తుమందుల నిరోధక సంస్థను 2008లో పంపించేశారు. అక్కడ కోకా పండించే చపారే ప్రాంతంలో రైతు కుటుంబానికి ఒక కాటో, అంటే నలభై మీటర్లకు నలభై మీటర్ల కోకా మడికి అనుమతి ఉంది. హద్దు దాటారా లేదా అని కొలిచేది రైతు సంఘమే. దాటితే ఆ మడి హక్కు కూడా పోతుంది. ఈ పద్ధతికి యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చింది. 2010లో 31,000 హెక్టార్లున్న సాగు 2014కు 20,400కు తగ్గింది. అదీ బయటి సాయమే. అందుకే ఆపమనడం లేదు. ఎన్ని కుటుంబాలకు భూమి పట్టా వచ్చింది, ఏ ఊరికి వానాకాలంలోనూ లారీ వెళ్లగలుగుతోంది అనే అంకెలకు డాలర్లను ముడిపెట్టమంటున్నాను.

సూటిమాట:
పట్టా షరతు సరే. చపారే సంఘాలు దశాబ్దాలుగా బలంగా ఉన్నాయి. కొలంబియాలో సాయుధ ముఠాలున్న కటటుంబో ప్రాంతంలో తుపాకుల మధ్య ఆ కొలత టేపు పట్టుకునేదెవరు? దానికి జవాబు దొరికే దాకా హెలికాప్టర్ల డబ్బు కోసేస్తామంటే నేను ఒప్పుకోను.