తేమ పట్టిన వీధిగోడపై కుడ్యచిత్రం: సలహా కావాలి

మా వీధిలోని పొడవాటి ప్రహరీగోడపై కుడ్యచిత్రం వేయాలని ఇరుగుపొరుగువారమంతా నిర్ణయించుకున్నాము. గోడ యజమాని లిఖితపూర్వకంగా అనుమతి కూడా ఇచ్చారు. అయితే నేలలోని తేమ పైకి పాకడం వల్ల గోడ అడుగుభాగంలో ఉప్పు పేరుకొని, సున్నపు పూత పెచ్చులూడుతోంది. ఆక్రిలిక్ రంగు పొరలా పరచుకొని తేమను లోపలే నిలిపివేస్తుందని, పొటాషియం సిలికేట్ రంగులైతే సున్నపు పూతతో రసాయనికంగా కలిసిపోయి తేమను బయటికి పోనిస్తాయని చదివాను. ముందుగా తేమను అరికట్టకుండా ఏ రంగు వేసినా వృథాయేనా, లేక అడుగుభాగాన్ని వదిలి పైన చిత్రిస్తే సరిపోతుందా?

మరొక సందేహం. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 1984లో మొదలైన కార్యక్రమం గోడలపై అనుమతి లేకుండా రాసే యువకులనే కుడ్యచిత్రాల వైపు మళ్లించింది. అలా స్థానిక యువతతో పనిచేసినవారు, బొమ్మ ఎంపికలో తగవులు రాకుండా (మాలో ఇప్పటికే రెండు వర్గాలున్నాయి) ఎలా నడిపించారో దయచేసి తెలియజేయగలరు.